చదువుకున్నాం సరే, చదివించామా?



ఉదయం పూజ ముగించుకొని ఇళ్ళ దర్శనానికి బయలుదేరితే చిక్కడపల్లి నుండి అశోక్‌నగర్ వరకు నాకు రోజూ ఎదురయ్యే దృశ్యం ఒకటుంది. సిటీ సెంట్రల్ లైబ్రరీ తలుపులు తెరవకముందే పిల్లలు వచ్చేస్తారు. లోపల చోటు దొరకనివారు చెట్ల కింద, మెట్ల మీద, గోడవారగా కూర్చుంటారు. ఒళ్ళో పుస్తకం, పక్కన నీళ్ళ సీసా, టిఫిను డబ్బా. వీధికో కోచింగ్ సెంటరు, సందుకో హాస్టలు, మలుపుకో జిరాక్సు దుకాణం. నారాయణగూడ చౌరస్తా వరకు ఇదే వరస. పల్లెల్లో పొద్దున్నే పొలానికి వెళ్ళినట్టు ఈ పేటలో వేలమంది పొద్దున్నే చదువుకు వెళతారు.

మీలో కొందరి ఇళ్ళలో ఈ పిల్లలు అద్దెకుంటారు. మరికొందరి ఇళ్ళలో వీరు మీ కన్నబిడ్డలే. అందుకే ఈ వారం మీతో చదువు గురించి మాట్లాడాలనుకున్నాను. ఏ పరీక్షకు ఎలా చదవాలో చెప్పడం నా పని కాదు. చదువు ఎందుకు, అది ఎవరి సొత్తు అన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. ఒక సాయంకాలం జపమాల అయ్యాక ఒక యువకుడు నా గదికి వచ్చాడు. నల్లగొండ వైపు పల్లె, కతోలిక కుటుంబం. ఉన్న రెండెకరాల్లో ఒక ఎకరం అతని చదువుకే అమ్మారు. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష రాశాడు. 2023 మార్చిలో అది రద్దయింది. అదే ఏడాది జూన్‌లో మళ్ళీ రాశాడు. సెప్టెంబరులో అదీ రద్దయింది. 2024లో మూడోసారి రాసి, మెయిన్స్ దాకా వెళ్ళి ఆగిపోయాడు.

"ఏడేండ్లు చదివిన ఫాదర్. ఇప్పుడు ఆ చదువంతా ఏమైనట్టు?" అని అడిగాడు.

"అంతా దేవుని చిత్తం నాయనా. ఆయనే ఇంకో దారి చూపిస్తాడు" అన్నాను. అతడు తల ఊపి, లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు దీవెన కూడా అడగలేదు. ఆ రాత్రి ఆలోచించాను. నేను చెప్పిన మాట అబద్ధం కాదు. కాని ఆ మాట చెప్పడం నాకు సులువు గనుక చెప్పాను. అతడు అడిగింది దారి గురించి కాదు. ఏడేళ్ళు తాను మోసిన బరువుకు అర్థం ఏమిటని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

జవాబు కొంతవరకు దొరికింది మాత్రం చాలా దూరపు దేశపు భాషలో. ఎలాగో చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఉగాండా దేశపు విద్యార్థి ఒకరు ఇక్కడ చదువుకుంటూ ఆదివారం మా పూజకు వచ్చేవాడు. "మీది ఉగాండా గదా, మీ భాష ఏమిటి?" అని అడిగితే నవ్వి వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాడు. ఒక మనిషి అయితే ముగాండా. చాలామంది అయితే బగాండా. వారి రాజ్యం బుగాండా. వారి భాష లుగాండా. వారి ఆచారం, పద్ధతి కిగాండా. మధ్యలో ఉన్న ముక్క ఒకటే, ముందున్న అక్షరం మారితే అర్థం మారుతుంది. విక్టోరియా సరస్సు ఒడ్డునున్న ఈ బుగాండా రాజ్యాన్ని స్వాహిలీ మాట్లాడేవారు 'ఉగాండా' అన్నారు. ఆ పేరే తరువాత దేశమంతటికీ వచ్చింది. 2014 జనగణన ప్రకారం బగాండా ప్రజలు 55 లక్షలకు పైగా ఉన్నారు. దేశంలో అన్ని జాతులకంటే పెద్దది వారిదే.

ఆ అబ్బాయి చెప్పిన వాటిలో నాకు బాగా గుర్తుండిపోయిన మాట 'ఒకుసోమ'. అంటే చదవడం. కాని వారి పెద్దలు గుడికి వెళ్ళి ప్రార్థించడాన్ని కూడా ఒకుసోమ అనే అనేవారట. బడికి వెళ్ళినా, గుడికి వెళ్ళినా క్రియ ఒకటే. మనలోనూ పాతకాలపు అమ్మమ్మలు 'జపాలు చదివాను' అనేవారు గదా! పూజలో మనం వినే బైబిలు భాగాన్ని ఇప్పటికీ 'పఠనం' అనే అంటున్నాం. ఎక్కడి సరస్సు, ఎక్కడి మూసీ నది! మాట మాత్రం ఒకేలా నడిచింది.

ఇలా ఎందుకయిందో తెలియాలంటే కొంచెం చరిత్ర కావాలి. బుగాండా రాజును 'కబాకా' అంటారు. ఆ రాజ్యానికి ముందు ముస్లిము వర్తకులు, తరువాత కబాకా మొదటి ముటేసా కాలంలో 1877లో ఆంగ్లికన్ మిషనరీలు, 1879లో కతోలిక మిషనరీలైన 'వైట్ ఫాదర్స్' వచ్చారు. ఫాదర్ సిమెయోన్ లూర్దెల్ గారిని ఫ్రెంచి పద్ధతిలో 'మోఁ పేర్' అని పిలవడం విని, బగాండా ఆయనకు 'మపేర' అని పేరు పెట్టుకున్నారు. అంతవరకు ఆ భాషకు రాత లేదు. కొత్త మతంతోపాటే అక్షరం వచ్చింది. అందుచేత కొత్త విశ్వాసంలో చేరినవాడిని ఊరంతా 'చదివేవాడు' అనేది. 'అబసోమి' అంటే చదువరులు. ముస్లిములైనా, ప్రొటెస్టెంట్లయినా, కతోలికులైనా అందరికీ అదే పేరు.

ఆ చదువుకు వెల కట్టవలసి వచ్చింది. 1876లో ముటేసా సుమారు 70 మంది ముస్లిము యువకులను చంపించాడు. రాజాజ్ఞ కన్న గొప్ప ఆజ్ఞ ఒకటుందని వారు నమ్మడమే వారి నేరం. 1884లో ముటేసా చనిపోయి, కొడుకు మ్వాంగా రాజయ్యాడు. 1885లో కొలువులోని జోసెఫ్ ముకాసా బలికుద్దెంబె, ఆంగ్లికన్ బిషప్ హానింగ్‌టన్ గారిని చంపించడం తప్పని రాజు ముఖాన చెప్పాడు. ఆ నవంబరు 15న ప్రాణమిచ్చాడు. 1886 జూన్ 3న నముగొంగో వద్ద చార్లెస్ లువాంగాను, ఆయన సహచరులను సజీవంగా దహనం చేశారు. వారిలో చాలామంది రాజసేవకులు, రాజు దుర్మార్గపు కోరికలకు లొంగనివారు. చిన్నవాడైన కిజితోకు దాదాపు 14 ఏళ్ళు. ఆరవ పౌలు పోపుగారు 1964 అక్టోబరు 18న 22 మంది కతోలిక హతసాక్షులకు పునీత పట్టమిచ్చారు. అదే విశ్వాసం కోసం మరణించిన ఆంగ్లికన్ సోదరులను కూడా ఆనాడు గౌరవంతో స్మరించారు.

ఈ కథ ప్రతి జూన్‌లో మీరు వింటున్నదే. ఎక్కువగా వినిపించని రెండు సంగతులు చెబుతాను.

మొదటిది. 1882 నవంబరులో వైట్ ఫాదర్స్ బుగాండా విడిచి సరస్సు దక్షిణ తీరానికి వెళ్ళిపోయారు. తిరిగి వచ్చింది 1885 జూలైలో. రెండున్నరేళ్ళకు పైగా ఆ రాజ్యంలో గురువులు లేరు, పూజ లేదు. విశ్వాసం ఆరిపోవాలి గదా? ఆరిపోలేదు సరిగదా, పెరిగింది. ఎలా? అక్షరం వచ్చినవాడు రానివాడి పక్కన కూర్చున్నాడు. జపం వచ్చినవాడు రానివాడికి నేర్పాడు. జోసెఫ్ ముకాసా వంటివారు కొలువులోనే ఉపదేశులయ్యారు. గురువులు తిరిగి వచ్చేసరికి వారికోసం మనుషులు ఎదురుచూస్తున్నారు.

రెండవది. 1886 మే నెలలో హింస ఎక్కడ రాజుకుందో తెలుసా? డెనిస్ సెబుగ్వావో అనే 16 ఏళ్ళ కుర్రవాడు, ప్రధానమంత్రి కొడుకైన మ్వాఫుకు జ్ఞానోపదేశం చెబుతున్నాడని రాజుకు తెలిసింది. రాజు కోపంతో అతణ్ణి బల్లెంతో పొడిచాడు. తలారులు ఆ ప్రాణం తీశారు. గమనించండి. ఆ కొలువులో చదివేవారు చాలామందే ఉన్నారు, అది రాజుకు తెలియని సంగతి కాదు. ఆ రోజు రాజు కోపం మాత్రం మరొకడి చేత చదివించినవాడి మీద విరుచుకుపడింది.

ఇక్కడ మన తెలుగు దగ్గరకు రండి. వారి భాషలో మాట ముందు భాగం మారితే అర్థం మారుతుందన్నాను. మన భాషలో మాట చివర మారుతుంది. చదువు. చదువుకొను. చదివించు. మూడూ ఒక తల్లి బిడ్డలే. చదవడమంటే కళ్ళముందున్న అక్షరాన్ని పలకడం. చదువుకోవడమంటే దాన్ని నా కోసం నేను చేసుకోవడం. వండుకోవడం, కట్టుకోవడం, దాచుకోవడం వంటిదే. చదివించడమంటే మరొకరిచేత ఆ పని చేయించడం. ఇంకో సొగసు చూడండి. పెళ్ళిలో కానుక ఇవ్వడాన్ని కూడా మనవారు 'చదివించడం' అంటారు. ఎవరు ఎంత ఇచ్చారో అందరూ వినేలా పైకి చదివి రాసుకునే ఆచారం నుండి వచ్చిన మాట అది. అంటే మన భాషలో చదివించడమంటే నేర్పడమూ అవుతుంది, ఇవ్వడమూ అవుతుంది.

మన పేటలో జరిగేదంతా చదువుకోవడమే. అందులో తప్పు లేదు. బిడ్డ నిలబడాలి, ఇల్లు గడవాలి, అమ్మిన ఎకరానికి అర్థం ఉండాలి. కాని 'చదువుకొను' దగ్గరే ఆగిపోయిన చదువుకు ఒక ప్రమాదం ఉంది. దాని విలువంతా చివరి ఫలితం చేతిలో ఉంటుంది. ఉద్యోగం వస్తే చదువు పండినట్టు, రాకపోతే ఎండినట్టు. ఆ యువకుడు నన్ను అడిగిన ప్రశ్న అక్కడి నుండే వచ్చింది. దాచుకున్నది దొంగ ఎత్తుకుపోతే ఏం మిగులుతుంది? ఇచ్చినదాన్ని మాత్రం ఏ దొంగా ఎత్తుకుపోలేడు. డెనిస్ ప్రాణాన్ని తీయగలిగారు గాని, మ్వాఫుకు అతడు చెప్పిన మాటను చెప్పనట్టు చేయగలిగారా?

సెమినరీలో మాకు పునీత థామస్ అక్వినాస్ గారి తత్త్వశాస్త్రం నేర్పారు. ఒక దీపం తాను వెలగడం కంటే ఇతరులకు వెలుగునివ్వడం గొప్పది, ధ్యానించినదాన్ని పంచడం అలాంటిదని ఆయన భావం. నేను దాన్ని పరీక్ష కోసం బట్టీపట్టాను, మార్కులు కూడా వచ్చాయి. ఆ వాక్యం నన్ను నిలదీసింది మాత్రం ఆ యువకుడు లేచి వెళ్ళిపోయిన రాత్రి.

ఇక్కడ మీలో ఎవరైనా ఒక అభ్యంతరం చెప్పవచ్చు. "ఫాదర్ గారూ, చదివినవారంతా, పదిమందికి నేర్పినవారంతా మంచివారైపోతారా?" న్యాయమైన ప్రశ్న. బుగాండా చరిత్రే దీనికి కఠినమైన జవాబు చెబుతుంది. నముగొంగో మంటలు ఆరి ఆరేళ్ళు నిండకముందే, 1892 జనవరిలో, రాజధాని మెంగోలో కతోలిక చదువరులు, ప్రొటెస్టెంటు చదువరులు ఒకరినొకరు కాల్చుకున్నారు. ఒకే చితిలో కాలినవారి మిత్రులు ఫ్రెంచి పక్షం, ఇంగ్లీషు పక్షం అని విడిపోయారు. బ్రిటిష్ కంపెనీ సేనాని లుగార్డు తుపాకులు ఒక పక్షానికి తోడయ్యాయి. ఆ తరువాత రాజ్యంలోని పదవులను మతాల వారీగా పంచుకున్నారు. ఏమైంది వారికి? అక్షరాలు మరిచిపోలేదు, జపాలు మానలేదు. కాని చదువరి అన్న పేరు అధికారానికి మెట్టయింది. ప్రాణం పెట్టి ఇచ్చిన చదువు పదవి కోసం పట్టుకునే చదువైంది. చదివేస్తే ఉన్న మతి పోయిందని మన సామెత ఊరకే పుట్టలేదు. వారిని నిందించడానికి ఇది చెప్పడం లేదు. అందులో మన పక్షమూ ఉంది. మనం తలవంచుకొని చదవవలసిన పాఠం అది.

అదే తరంలో మరో దారి పట్టిన చదువు కూడా ఉంది. 1886లో రాజు చేతి దెబ్బలు తిని బతికిన ఆంగ్లికన్ యువకుడు అపోలో కగ్వా తరువాత ప్రధానమంత్రి అయ్యాడు. ఆయనా పదవిలో ఉన్నవాడే. కాని పెద్దల నోట ఉన్న రాజుల చరిత్రను సేకరించి, 1901లో లుగాండా భాషలో పుస్తకంగా అచ్చువేయించాడు. మన కతోలికులు 1911లో అదే భాషలో ఒక పత్రిక ప్రారంభించారు. దాని పేరు 'మున్నో'. అంటే 'నీ నేస్తం'. చదువుకు అంతకంటే మంచి పేరు నాకు కనిపించలేదు. పక్కన కూర్చునేదే నేస్తం. అపోస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఇతియోపియా అధికారి రథంలో యెషయా గ్రంథం చదువుతూ వెళుతుంటే ఫిలిప్పు ఏం చేశాడు? రథమెక్కి అతని పక్కన కూర్చున్నాడు. ఆ అధికారికి గ్రంథముంది, చదువుంది, రథముంది. లేనిది పక్కన కూర్చునే మనిషి ఒక్కడే.

మళ్ళీ మన యువకుడి సంగతి. రెండు నెలల తరువాత నేనే అతని హాస్టలు వెతుక్కుంటూ వెళ్ళాను. ముందు, ఆనాడు నేను తొందరపడి జవాబు చెప్పానని ఒప్పుకున్నాను. తరువాత ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, "మంచిగనే ఉంది ఫాదర్. మరి కడుపెట్ల నిండుతది?" అన్నాడు.

నిజమే. నేర్పితే కడుపు నిండదు. కష్టపడినవాడికి జీవనోపాధి ఇవ్వడం న్యాయం, దాన్ని ప్రవచనాలతో సరిపెట్టకూడదు. పరీక్షను నిజాయితీగా, సకాలంలో జరపడం పాలించేవారి బాధ్యత. ఏళ్ళ తరబడి పిల్లలను నిలబెట్టి, దాన్ని ఓర్పు అనే సుగుణంగా వారికి బోధించడం తప్పు. ఆ మాట అతనికీ చెప్పాను, మీకూ చెబుతున్నాను. "ఇంటికి వెళ్ళి ఏదైనా పని చూసుకో, ఇంకోసారి రాయాలా వద్దా అన్నది నువ్వే తేల్చుకో. కాని ఏడేళ్ళు వృథా అయ్యాయా లేదా అన్న తీర్పు మాత్రం ఫలితాల జాబితాకు వదిలిపెట్టకు. అది నువ్వు ఎవరి పక్కన కూర్చుంటావన్నదాన్ని బట్టి ఉంటుంది" అన్నాను. ఒప్పుకున్నాడో లేదో చెప్పలేదు. ఆ నెలాఖరుకు గది ఖాళీ చేశాడు. వెళ్ళేముందు తన పుస్తకాలు రెండు అట్టపెట్టెల్లో తెచ్చి నా వరండాలో పెట్టి, "ఎవరికన్న ఇయ్యండి" అన్నాడు. తెరిచి చూస్తే ప్రతి పేజీ అంచున అతని చేతిరాత. చరిత్ర, రాజ్యాంగం, ఆర్థికం, అన్నీ తేట తెలుగులో, ఎవరికైనా అర్థమయ్యేలా రాసిపెట్టాడు. ఆ పెట్టెలు ఇప్పుడు నా వరండాలో లేవు. ఇద్దరు అమ్మాయిలు వాటితో చదువుకుంటున్నారు.

చివరగా తల్లిదండ్రులకు, ఇళ్ళు అద్దెకిచ్చిన పెద్దలకు ఒక మాట. ఆ ఉగాండా విద్యార్థి నాకు నేర్పిన మరో పలుకు 'జేబలే కో'. బగాండా ప్రజలు దారిన పోతూ పొలంలో పనిచేస్తున్న మనిషిని చూస్తే, పరిచయం లేకపోయినా, ఆ మాట అని పోతారట. 'నీవు చేస్తున్న పనికి కృతజ్ఞతలు' అని దాని భావం. పంట ఎంత వచ్చిందని అడగరు. ఆ పొలం తమది కాదు, ఆ గింజ తమ ఇంటికి రాదు. అయినా పనికి ముందు దండం పెడతారు.

మనం ఏం చేస్తున్నాం? ఆదివారం పూజ అయ్యాక ఆవరణలో ఈ పిల్లలు కనబడగానే మన నోట వచ్చే మొదటి మాట, "ఏం బాబూ, రిజల్ట్ వచ్చిందా?" తరువాత, "పలానావాళ్ళ అబ్బాయికి వచ్చిందట గదా?" ప్రేమతోనే అడుగుతాం, నేనూ అడిగాను. కాని ఆ ప్రశ్నకు భయపడి పూజకు రావడం మానేసిన పిల్లలు ఈ పేటలో ఉన్నారు. ఊరికి ఫోను చేయడం మానుకున్నవారు ఉన్నారు. మనం అడిగే ఫలితం వారి చేతిలో లేదు. వారి చేతిలో ఉన్నది ఈ రోజు చేసిన పని ఒక్కటే.

ఈ ఆదివారం ఒక పని చేద్దామా? అలాంటి బిడ్డ కనబడితే ఫలితం అడగవద్దు. "బాగా కష్టపడుతున్నావమ్మా, ఇవాళ ఏం చదివావు? మాకూ కొంచెం చెప్పు" అని అడగండి. పక్కన కూర్చోండి. ఆ బిడ్డ చెబుతుంది, మీరు వింటారు. చదువుకున్నది అక్కడికక్కడే చదివించినదవుతుంది. నేను ఆనాడు నా గదిలో చేయవలసింది అంతే. చేయలేదు గనుకనే మీకు ఇది రాస్తున్నాను.